జ్వరం గడప తొక్కకముందే

2015 జనవరి. స్వైన్ ఫ్లూ పేరు చెబితే తెలంగాణ ఉలిక్కిపడుతున్న రోజులు. విమర్శలు ముదిరి, ఆరోగ్య శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి తాటికొండ రాజయ్యను 25న మంత్రివర్గం నుంచి తొలగించారు. ఆయన అప్పట్లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే, స్వయంగా వైద్యుడు. ఆ నిర్ణయంలోని తప్పొప్పుల జోలికి నేను పోను. మంత్రి మారితే ఫైళ్లు కదలొచ్చు, దవాఖానకు మందులు రావొచ్చు. తొర్రూరులో రెండు గదుల ఇంట్లో దగ్గుతున్న మనవడికీ, పక్క మంచం మీద ఆయాసపడే నాయనమ్మకూ మధ్య ఎడం మాత్రం పెరగదు. ఆ ఎడం పెంచాల్సింది ఇంటివాళ్లే.

అంతకు ఆరేళ్ల ముందు, 2009 మే నెలలో, దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా మన హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడికి ఆ వ్యాధి ఉన్నట్టు తేలింది. విమానాశ్రయంలో కాపలా పెట్టినా వైరస్ ఆగలేదు. జ్వరం బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. ఒళ్లు కాలని మనిషిని ఏ యంత్రం పట్టుకుంటుంది? ఆ వైరస్ ఇప్పుడు ఏటా వచ్చిపోయే ఫ్లూలలో ఒకటై మన మధ్యే ఉంది. ఒక్క 2015లోనే దేశంలో దాదాపు మూడు వేల మంది ప్రాణాలు తీసింది.

ముందుజాగ్రత్త అనగానే మనకు సరుకులు గుర్తొస్తాయి. కరోనా వచ్చిన 2020 మార్చిలో కిరాణా దుకాణాల ముందు వరసలు చూశాం. నిజానికి మన పల్లెల ఇళ్లలో బియ్యానికీ పచ్చడి జాడీకీ పెద్దగా కొరత ఉండదు. బీపీ, షుగర్ గోలీలు నెలకు సరిపడా తెచ్చుకుని, జ్వరం గోలీలు, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సబ్బులు, మాస్కులు ఒక డబ్బాలో పెట్టుకుంటే సరుకుల పని అయిపోయినట్టే. మన ఇళ్లలో ముందుగా జరగనిది మాట్లాడుకోవడం.

ఎవరు ఎక్కడ పడుకోవాలి? జ్వరం వచ్చినవాళ్లకు గాలి తగలొద్దని కిటికీలు మూసి లోపలి గదిలో పడుకోబెట్టడం మన అలవాటు. ఫ్లూ విషయంలో అది ప్రమాదం. మూసిన గదిలో దగ్గు తుంపరలు అక్కడే తిరుగుతాయి, అదే గాలిని ఇంటిల్లిపాదీ పీలుస్తారు. దుప్పటి కప్పండి, కిటికీ మాత్రం తీసి ఉంచండి. గాలి ఆడే వరండాలో మంచం వేస్తే ఇంకా మంచిది. గ్లాసు, తువ్వాలు వేరుగా పెట్టండి.

చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరూ ముసలివాళ్లో గర్భిణో కాకూడదు. ఒక్కరే ఎందుకో పాత లెక్కలు చెబుతాయి. 1911లో కోటీ 33 లక్షలున్న హైదరాబాద్ సంస్థానం జనాభా 1921 నాటికి కోటీ 24 లక్షలకు పడిపోయింది. కరువుతో పాటు 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా అందుకు కారణం. ఇంట్లో అందరూ ఒకేసారి పడకేస్తే గుక్కెడు గంజి పోసేవాళ్లు కూడా ఉండరు. మందు లేని ఆ కాలంలో ఆ గంజే వైద్యం. పలకరింపుకు వాడకట్టంతా తరలిరావడం మన మంచితనమే. ఆ వారం రోజులు మాత్రం ఫోన్లో పలకరించమని అడగడానికి మొహమాటపడొద్దు.

అసలు చిక్కు కూలి దగ్గర ఉంది. మన దేశంలో ఫ్లూ ఎక్కువయ్యేది వానాకాలం చివర్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. వానాకాలం వెళ్తూనే పత్తి ఏరే పనులు మొదలవుతాయి. జనవరి వస్తే సంక్రాంతి, ఐనవోలు, కొమురవెల్లి జాతరలు. ఐదు రోజులు ఇంట్లో ఉండమని వైద్యులు చెప్తారు, ఆ ఐదు రోజుల కూలి ఎవరిస్తారో చెప్పరు. అందుకే జ్వరంతోనే చేనుకు పోతారు, ఆటోలో పదిమందితో కూర్చుంటారు. జబ్బు రోజులకు మహిళా సంఘాల పొదుపులోంచి చిన్న అప్పు వెంటనే అందే ఏర్పాటు చేయాలి. వంద పోస్టర్ల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఇక వైద్యం. జ్వరం రాగానే ఆరెంపీ దగ్గర సూది, సెలైన్. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూకు పనిచేసే ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే ఎక్కువ మేలు. సూదుల కోసం తిరిగే ఆ రెండు రోజులే మనం పోగొట్టుకుంటున్నాం. మామూలు దగ్గు, జ్వరాలకు పరీక్ష అక్కర్లేదు, విశ్రాంతి చాలు. గర్భిణులు, పసిపిల్లలు, అరవై దాటినవాళ్లు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం తొలిరోజే సర్కారు దవాఖానలో చూపించుకోవాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మనిషి మగతలోకి జారినా, పసిబిడ్డ పాలు మానేసినా క్షణం ఆగొద్దు. తొర్రూరు నుంచి రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్ ఎంజీఎం దవాఖాన చేరాలంటే గంటకు పైగా పడుతుంది. ఆ గంటను లెక్కలో పెట్టుకునే బయల్దేరాలి. ఫ్లూ టీకా సర్కారు ఉచిత టీకాల్లో లేదు, కొనుక్కుని ఏటా వేయించుకోవాలి. వృద్ధులకైనా దాన్ని ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు.

ఒక మాట తల్లులకు. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. జబ్బు పడకముందు పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని తేలింది. కూర కోస్తూ పిల్లల నోట్లో పచ్చి ముక్క పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరూ కూర్చోండి. జ్వరం వస్తే మంచం ఎక్కడ వేయాలి, పని మానేదెవరు, 108 ఆలస్యమైతే అర్ధరాత్రి ఎవరి బండి అడగాలి, మాట్లాడుకోండి. తేల్చుకున్నది గోడ మీది క్యాలెండర్ వెనక రాసి పెట్టండి.