పాత కంప్యూటర్‌ను పారేయమనడానికి వాళ్లెవరు?

విత్తనాల మీద రాశాం, యూరియా మీద రాశాం, మద్దతు ధర మీద రాయని నెల లేదు. ఈ నెల బ్రౌజర్ మీద రాస్తున్నాం. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కంప్యూటర్ తెర మీద క్రోమ్ అనీ, ఫైర్‌ఫాక్స్ అనీ గుర్తులు కనిపిస్తాయే, వాటినే బ్రౌజర్లంటారు. ఇంటర్నెట్‌లోకి పోవడానికి గడప అదే. ఆ గడప దాటలేని రైతు ఇవాళ తహసీల్దార్ ఆఫీసు గడప కూడా దాటలేడు. అందుకే ఇది కంప్యూటర్ కోర్సు చదివే పిల్లల ముచ్చట అనుకుని పేజీ తిప్పేయకండి.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. సాగుభూమి రిజిస్ట్రేషన్ కావాలంటే ముందు వెబ్‌సైట్‌లో స్లాట్ పెట్టుకొమ్మన్నారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారింది, చట్టం మారింది, వాకిలి మాత్రం వెబ్‌సైటే. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే ఆ 6,000 రూపాయలకు ఈ-కేవైసీ కావాలి. పత్తిని మద్దతు ధరకు (2025-26లో అది క్వింటాలు 8,110 రూపాయలు) సీసీఐకి అమ్ముకోవాలంటే 2025-26 సీజను నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కించుకోవాలి, ఆ తర్వాత స్లాట్ కోసం చూడాలి. వెనకటికి కౌంటర్ దగ్గర గొడవ పడటానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు తెల్లటి తెర మీద 'మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి' అని వస్తే ఎవరి గల్లా పట్టుకోవాలి?

మా ఆఫీసు కంప్యూటర్ సంగతే తీసుకుందాం. ఆఫీసంటే పెద్దదేం కాదు, కొత్తపేటలో ఒక గది. ఇటు దిల్‌సుఖ్‌నగర్, అటు ఎల్‌బీనగర్. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడ నడిచినన్నాళ్లు బత్తాయి, మామిడి తెచ్చిన రైతులు లారీ దించి మా దగ్గరికి వచ్చేవాళ్లు. 2021లో మార్కెట్‌ను బాటసింగారం పంపించారు. అయినా నల్గొండ, సూర్యాపేట బస్సులకు ఎల్‌బీనగరే దారి కాబట్టి రైతులు రావడం ఆగలేదు. ఒకరికి పహాణీ ప్రింటు కావాలి, ఒకరికి కలెక్టర్‌కు అర్జీ టైపు చేయాలి, ఇంకొకరికి పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడితే కాగితాలు స్కాన్ చేసి ఎక్కించాలి. ఈ పనులన్నీ ఆ ఒక్క మెషీన్ మీదే. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. ఫ్యాన్ కాస్త మూలుగుతుంది, అంతకు మించి దానికి రోగం లేదు. మీరు చదువుతున్న ఈ పత్రిక కూడా నెలనెలా దాని మీద తయారయ్యేదే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. తెలుగునాట ఏ చిన్న ప్రెస్సుకు పోయినా, ఏ పెళ్లిపత్రికల డీటీపీ సెంటర్‌కు పోయినా ఇదే జోడీ కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. కొత్త మెషీన్లలో ఆ జోడీ ఎంత మొండికేస్తుందో డీటీపీ చేసేవాళ్లను అడగండి. అంటే ఈ కంప్యూటర్‌ను వదిలేస్తే ఇన్నేళ్ల పత్రిక ఫైళ్లనూ వదిలేసినట్టే.

పేజీలు కూర్చడానికి, ప్రింటు తీయడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇంటర్నెట్ ఒక్కటే ఒక్కో వాకిలీ మూసుకుంటూ వచ్చింది. ఒక సైటు సగం తెరుచుకుని ఆగిపోయేది, ఒక దాంట్లో ఓటీపీ అడిగే డబ్బా కనిపించేదే కాదు. బ్యాంకు లోనుకు పహాణీ కావాలని వచ్చిన రైతును పొద్దంతా కూర్చోబెట్టి చివరికి ఇంటర్నెట్ సెంటర్‌కు పంపాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, అట్లా సర్కారు పథకం ఇచ్చినా బ్రౌజర్ ఇవ్వదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల వెంట చైతన్యపురి దాకా, అక్కడి నుంచి ఎల్‌బీనగర్ దాకా రిపేరు షాపులన్నీ తిరిగాం. ఒకాయన మెషీన్ మూత తీయకుండానే 'దీన్ని తూకానికి వేసేయండి సార్' అన్నాడు, కొత్తది ముప్పై వేలకు పైన చెప్పాడు. ఇంకొకాయన లైసెన్సు లేని దొంగ విండోస్ 10 ఎక్కిస్తానన్నాడు. 2 జీబీ ర్యామ్ మీద విండోస్ 10 అంటే దూడ మెడ మీద రెండెడ్ల కాడి పెట్టినట్టు. అడిగినచోటల్లా ఒకటే జవాబు: 'దీని కాలం అయిపోయింది'. ఎద్దు ఇంకా దున్నుతూనే ఉంది. కాడి కొలత మార్చినవాడు వచ్చి ఎద్దు చచ్చిందంటున్నాడు.

కాలం అయిపోయిందని ఎవరు చెప్పారో చూద్దాం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ సహకారం ఆపేసింది. ఎక్స్‌పీకి క్రోమ్ 49తో, విండోస్ 7కు 2023లో వచ్చిన క్రోమ్ 109తో గూగుల్ సరిపెట్టింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 వంతు వచ్చింది. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల కింద అప్పు చేసి కొన్న మెషీన్ కూడా చెత్తకుప్పకే అన్నమాట. మన ఇళ్లలో మోటారు పంపు సెట్టు ఎన్నేళ్లు నడుస్తుంది? ఎన్నిసార్లు వైండింగ్ చేయిస్తాం? అట్లాంటి మన దగ్గరికి వచ్చి పనిచేసే యంత్రాన్ని పారేయమంటున్నారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాత బ్రౌజర్‌లో దొంగలు దూరడానికి సందులుంటాయి, ఆ సందులు పూడ్చేదే అప్‌డేట్. ఇది కంపెనీల కట్టుకథ కాదు, నిజం. పాత మెషీన్ మీద బ్యాంకు పనులు చేయవద్దని మేమూ చెబుతున్నాం. కానీ సందులు పూడ్చే బాధ్యత అమ్మినవాడిది. చెరువుకు గండి పడితే పూడ్చమని అడుగుతాం కానీ, ఊరు ఖాళీ చేసి పోతామా? పైగా పూడ్చడం సాధ్యమేనని ఫైర్‌ఫాక్స్ చూపించింది. లాభం కోసం కాని మొజిల్లా ఫౌండేషన్‌ది ఆ బ్రౌజర్. విండోస్ 7 కోసం 115 ఈఎస్ఆర్ అనే వెర్షన్‌ను ఉంచి, దానికి గడువు ఒకసారి కాదు, పలుమార్లు పొడిగిస్తూ వచ్చింది. దానికంటే ఎన్నో రెట్లు పెద్ద కంపెనీలకు చేతకాలేదంటే నమ్మాలా?

'అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా' అనే అధికారులూ ఉన్నారు. ఫోన్‌లో నలభై పేజీల కోర్టు కాగితం చదివి చూడమనండి. టిప్పన్ నకలు ప్రింటు తీసి చూపమనండి. ఆ ఫోన్లకూ ఇదే గతి. 2025 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ నడవదు.

ఇది మనకొక్కరికే వచ్చిన తిప్పలు కాదు. అమెరికాలో ట్రాక్టర్ చెడిపోతే రైతు సొంతంగా బాగు చేసుకోలేకుండా జాన్ డీర్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిందని అక్కడి రైతులు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీ మీద కోర్టుకెక్కింది. మన కేంద్ర ప్రభుత్వమూ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే సామాన్లు, వాహనాలు దాని పరిధిలో పెట్టింది. కమిటీలు వేయడంలో మన ప్రభుత్వాలను మించినవాళ్లు లేరు లెండి. మనకు కావలసింది చట్టం.

కంపెనీలది వ్యాపారం, కొత్తది కొనిపించడమే వాళ్ల పని. మన అసలు కోపం సర్కారు మీద. ఒకప్పుడు సర్కారు సైట్ల అడుగున 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగా కనిపిస్తుంది' అని రాసి ఉండేది. మనల్ని ఆ కంపెనీ బ్రౌజర్‌కే కట్టేసింది వాళ్లే. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని మూలన పెట్టింది. మనల్ని నడిబజారులో వదిలి సర్కారు మాత్రం కొత్త మెషీన్లు కొనుక్కుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎట్లా ఉండాలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 2009లోనే మార్గదర్శకాలు రాసింది, 2023లో వాటి మూడో వెర్షన్ తెచ్చింది. వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించి చూడాలన్న మాట వాళ్ల నోటి నుంచి వచ్చిందే. బ్రిటన్ ప్రభుత్వం తన సైట్లను ముందు మామూలు అక్షరాలతో పనిచేసేలా కట్టి, హంగులన్నీ తర్వాత కలపాలని నియమం పెట్టుకుంది. పహాణీ అంటే ఏముంది? సర్వే నంబరు, పేరు, విస్తీర్ణం, భూమి రకం. నాలుగు గడుల పట్టిక. దాన్ని చూపించడానికి కదిలే బొమ్మలు, మంత్రిగారి ఫొటోలు, ఇంత బరువు ఎందుకు?

పోనీ దేశంలో దారులు లేవా అంటే ఉన్నాయి. సీ-డాక్ సంస్థ బాస్ లినక్స్ అని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా ఉచిత లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పని చేసింది. మన మండల ఆఫీసుల్లో మాత్రం విండోస్ తప్ప మరొకటి కనిపించదు.

కాబట్టి అడుగుతున్నాం. రైతుకు సంబంధించిన ప్రతి పోర్టలూ ఫైర్‌ఫాక్స్ 115లో, 2 జీబీ ర్యామ్ మెషీన్ మీద తెరుచుకుంటుందని పరీక్షించాకే విడుదల చేయాలి. ప్రతి పోర్టల్ పనికీ తహసీల్దార్ ఆఫీసులో కాగితం దారి కూడా తెరిచి ఉంచాలి. సైటు తెరుచుకోక స్లాట్ పోయిన రైతుకు గడువు పొడిగించాలి. ఎల్‌బీనగర్‌కు ఆ పేరు జై కిసాన్ అన్న లాల్ బహదూర్ శాస్త్రిది. ఆ చౌరస్తాలో దిగిన కిసాన్ ప్రింటు కోసం నాలుగు షాపులు తిరగడం ఆయన పేరుకు తగిన పని కాదు.

అడిగింది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా. శాఖల దగ్గర ఉన్న పాత మెషీన్లకు మేం చేసి చూసింది చెబుతాం. ముందు తెర మూలన తేదీ చూడండి. 2009 అనో 2010 అనో చూపిస్తుంటే లోపల నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032, అయిపోయినట్టు. తేదీ తప్పితే ఏ సైటూ మిమ్మల్ని నమ్మదు. కొత్త బ్యాటరీ వేసి తేదీ దిద్దితే సగం రోగం అక్కడే పోతుంది. విండోస్ 7 ఉంటే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేయండి. 2021 సెప్టెంబరు 30న ఒక పాత భద్రతా సర్టిఫికెట్ గడువు తీరి ఎన్నో పాత మెషీన్లలో సైట్లు మొరాయించాయి. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తనే మోసుకొస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఎక్స్‌పీ అయితే మైపాల్, సూపర్‌మియం అని పాత మెషీన్ల మీద ప్రేమున్నవాళ్లు తయారు చేసినవి ఉన్నాయి. వాటిలో పేజీలు చూడండి, పాస్‌వర్డులు మాత్రం కొట్టకండి. 'క్రోమ్ అప్‌డేట్' అంటూ ఏదో సైటు దానంతట అదే ఇచ్చే ఫైలును ముట్టుకోవద్దు, అది పురుగు.

కోర్ 2 డ్యుయో, ఆపైన ఉన్న మెషీన్లు 64 బిట్‌వే. వాటిలో పాత విండోస్‌ను కదిలించకుండా పక్కనే లినక్స్ మింట్ వేసుకోవచ్చు. ఇంకో 2 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ పెడితే ఇంకా హాయి. మా దాంట్లో అట్లాగే చేశాం. పత్రిక పని అటు విండోస్‌లో, ఇంటర్నెట్ పని ఇటు లినక్స్‌లో, కొత్త ఫైర్‌ఫాక్స్‌తో. చేతకాని శాఖలు ఏ రెండో శనివారమైనా కొత్తపేట ఆఫీసుకు తీసుకురండి, పొద్దున పది నుంచి సాయంత్రం దాకా కుర్రాళ్లు ఉంటారు. అంతకుముందే ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. సీపీయూ డబ్బా ఒక్కటి చాలు, మానిటర్ బస్సులో మోసుకురావద్దు.