రెండు విద్యల వీరుడు, నాలుగు భాషల పిల్లవాడు



ఈ టపాలో ఒక ఆటను గురించి వ్రాయదలచాను. సంధులు, సమాసాల నడుమ ఆట ముచ్చట ఏమిటని మీరు అడుగవచ్చును. "ఇన్ని భాషలు పిల్లవాడికి భారం కాదా?" అని మీరు తరచుగా అడిగే ప్రశ్నకు ఈ ఆట నాకొక సమాధానం చూపింది. అందుకే వ్రాస్తున్నాను.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీనిని రూపొందించగా 1974లో వెలువడింది. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి తమ వీరుడు ఏమి చేస్తాడో నోటితో చెబుతారు. ఫలితాన్ని పాచిక తేలుస్తుంది. వేసవి సెలవులకు జింగనూర్ వచ్చిన మా మేనల్లుడు ఈ పుస్తకాలు తెచ్చాడు. ఇరవై ముఖాల పాచిక లేకపోవడంతో, అంకెలు వేసిన ఇరవై చీటీలు ముంతలో వేసి పిల్లల చేత తీయించాను. తరగతిలో నోరు విప్పని పిల్లలు సైతం తెలుగులో కథ అల్లారు.

ఇందులో ప్రతి వీరుడికి ఒక 'క్లాస్' ఉంటుంది. అది బడి తరగతి కాదు, అతడు చేపట్టిన విద్య: ఖడ్గవిద్య, మంత్రవిద్య, దైవోపాసన వంటివి. అనుభవం గడించిన కొద్దీ ఆ విద్యలో మెట్లెక్కుతాడు. ఒకే వీరుడు రెండు విద్యలు చేపడితే అతడిని మల్టీక్లాస్ పాత్ర అంటారు. చిక్కు ఇక్కడే ఉంది. అతడు మరీ బలవంతుడైతే ఒకే విద్య నేర్చినవాడికి విలువ లేదు. మరీ బలహీనుడైతే ఆ పాత్ర ధరించిన పిల్లవాడు ఆటంతా ఊరక కూర్చుంటాడు.

మేము మొదట 2000 నాటి మూడవ కూర్పు నియమాలతో, పదో మెట్టు వీరులతో ఆడాము. ఒక బాలుడు మంత్రవిద్యలో అయిదు మెట్లు, ఉపాసనలో అయిదు మెట్లు పంచుకున్నాడు. పక్కనున్న మిత్రుడు మంత్రవిద్యలోనే పది మెట్లు ఎక్కి అయిదో శ్రేణి మంత్రాలు ప్రయోగిస్తుంటే, ఇతడు రెంటిలోనూ మూడో శ్రేణి దాటలేదు. శత్రువులు మాత్రం పదో మెట్టుకు తగినవారే వచ్చారు. "నాది అటూ కాలే, ఇటూ కాలే సార్" అన్నాడు. అదే కూర్పులో ఇంకొక నియమమున్నది: కొన్ని మినహాయింపులతో, రెండు విద్యల నడుమ తేడా ఒక మెట్టు మించితే గడించిన అనుభవంలో నూటికి ఇరవై వంతులు కోత! సమానంగా పంచడమే సమతూకమని భ్రమించడం వల్ల వచ్చిన నియమమిది.

అంతకు ముందు 1978 నాటి నియమాలు మరొక తీరువి. మానవ వీరుడు రెండో విద్య పట్టాలంటే మొదటిదానిని విడిచి ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. కొత్త విద్య పాతదానిని మించేదాకా, ఏ సాహసయాత్రలోనైనా పాత విద్యను వాడుకుంటే ఆ యాత్రలో వచ్చిన అనుభవం దక్కదు. మనకు విశ్వామిత్రుడు గుర్తుకు రాక మానడు. క్షాత్రం విడిచి తపస్సు పట్టిన ఆ రాజు, కోపంతో రంభను శపించి ఆర్జించిన తపస్సును పోగొట్టుకున్నాడు. కథగా అది గంభీరమైనదే. కాని బడిలో తెలుగు మాట వినబడగానే పిల్లవాడిని మందలించే చోట మనం అమలు చేస్తున్నది ఈ నియమమే. తెలిసిన విద్యను వాడుకున్నందుకు శిక్ష వేస్తున్నాము.

2014లో వచ్చిన అయిదవ కూర్పు వేరొక దారి తొక్కింది. మంత్రవిద్య, ఉపాసన రెండూ నేర్చినవాడి మెట్లను కలిపి లెక్కించి, పది మెట్లకు తగిన మంత్రశక్తినిస్తుంది. అయితే ఏ మంత్రాలు తెలుసునన్నది మాత్రం ఏ విద్యకు ఆ విద్యే నిర్ణయిస్తుంది. శక్తి ఉమ్మడి, మంత్రాలు వేరువేరు. ఈ నియమంతో మళ్ళీ ఆడించగా, ఆ బాలుడు గాయం మాన్పే చిన్న మంత్రాన్నే అయిదో శ్రేణి శక్తితో ప్రయోగించి నేలకొరిగిన మిత్రుడిని లేపాడు.

మిత్రులారా, భాషల విషయంలోనూ జరిగేది ఇదే. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతమూ ఇటువంటిదే: ఒక భాషలో అలవడిన చదివి గ్రహించే శక్తి, తర్కించే శక్తి రెండో భాషకూ పనికివస్తాయి. మన సిరోంచా తాలూకాలో ఇంట తెలుగో మాడియాయో, బడిలో మరాఠీ, వాటిపైన హిందీ, ఆంగ్లం. ఒక తండ్రి నాతో అన్నాడు: "సారూ, పిలగాడు మరాఠీ బళ్ల సదువుతున్నడు. మళ్ల తెలుగెందుకు, మాన్పియ్యరాదు?" ఆయన ఆందోళన న్యాయమైనదే. పరీక్ష మరాఠీలో ఉంటుంది, పిల్లవాడి గంటలు పరిమితం. మరాఠీ మాటలు, దేవనాగరి లిపి విడిగా నేర్వవలసిందే. తెలుగు వచ్చినంత మాత్రాన అవి రావు. కాని తెలుగు మాన్పిస్తే మిగిలేది ఒక గంట మాత్రమే. పోయేది ఆ ఉమ్మడి శక్తికి మొదటి ఊట.

అట్లని నాలుగు భాషలూ ఒక్కసారే నెత్తిన పెట్టమని నేననను. నాలుగింటా ఒకటో మెట్టు మీదే నిలిచిన వీరుడు ఏ పోరూ గెలవడు. పాత్‌ఫైండర్ అనే మరొక ఆట 2019 నాటి రెండవ కూర్పులో మంచి కట్టడి ఉంది. మూల విద్య ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. చేపట్టిన రెండో విద్యలో మరి రెండు నేర్పులు సాధించనిదే మూడోదాని జోలికి పోరాదు. 2025 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒకటో తరగతి నుంచే హిందీని మూడో భాషగా చేర్చ తలపెట్టి, జూన్ చివర ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. ఆ వివాదంలో రాజకీయం ఎంత ఉన్నా, మూడోదానికి వేళ ఎప్పుడన్న ప్రశ్న మాత్రం సరైనదే. ఇంటిభాషలో కనీసం అయిదో తరగతి వరకు బోధన సాగాలని 2020 జాతీయ విద్యావిధానం కోరిందీ ఇందుకే. మాడియా పిల్లలకు ఆ మూల విద్య మాడియాయే, తెలుగు కాదు. ఇది మన తెలుగు ఉపాధ్యాయులమూ ఒప్పుకోవలసిన మాట.

కనుక నా మనవి ఇది. ఉపాధ్యాయులు మరాఠీలో చెప్పిన పాఠం సారాన్ని పిల్లవాడి చేత ఇంటిభాషలో చెప్పించండి. తల్లిదండ్రులు రాత్రి పడుకోబోయే ముందు ఒక కథ తెలుగులో చెప్పించుకోండి. ఒక్క భాష పిల్లవాడి కొలబద్దతో ఒక్కొక్క భాషను విడివిడిగా కొలిచి, మన పిల్లవాడు వెనుకబడ్డాడని తీర్పు చెప్పకండి. అతడి మెట్లన్నీ కలిపి లెక్కించండి.

మీ అనుభవాలు, భిన్నాభిప్రాయాలు తప్పక తెలియజేయగలరు.