టవర్ మీద కోపం
మేడ మీద సెల్ టవర్ పెడతామంటే కాలనీ అంతా ధర్నాకి దిగుతుంది. ధర్నాకి జనాన్ని పిలిచే ఫోను మాత్రం చెవికి ఆనించే ఉంటుంది. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోనే ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. అంతర్జాతీయ సంస్థ ఇక్నిర్ప్ సామాన్య ప్రజలకు పెట్టిన రేడియేషన్ పరిమితి, హాని మొదలవుతుందనుకున్న స్థాయిలో 50వ వంతు. మన ప్రభుత్వం 2012లో టవర్లకు అందులోనూ పదో వంతే ఉంచింది: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లకు బదులు 0.45. భయం తగ్గిందా? ఎందుకు తగ్గుతుంది! జనానికి కావలసింది చిన్న అంకె కాదు, తమ ఇంటి దగ్గర కొలిచి చూపిన అంకె. 2017లో ప్రభుత్వం టవర్ల రేడియేషన్ వివరాలకు తరంగ్ సంచార్ పోర్టల్ తెచ్చి, కొలిపించుకోవాలంటే పౌరుడే 4,000 రూపాయలు కట్టాలన్నారు. ఆ ఖర్చు టెలికాం కంపెనీల ఖాతాలో వేయాలి.