మన తోట: వెదురునకు హద్దు

మన మారిషస్ దీవిలో పుట్టి, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున హెర్న్‌డన్ పట్టణమందు స్థిరపడిన ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. పెరటిలో పందిరి వేసి దానిపై ప్రాకు వెదురును పెంచవలెనని వారి కోరిక. అయితే ఇదివరలో కంచె ప్రక్కన నాటిన మామూలు వెదురే పొరుగింటి పచ్చికలో మొలకలెత్తినదట. పొరుగువారు పలుకరించుట మానినారట.

మొదట ప్రాకు వెదురు సంగతి. డైనోక్లోవా అను ఈ జాతి అండమాను దీవులలోను, మలయా అడవులలోను పెరుగును. దీనికి నులితీగలు లేవు. వంకరటింకర కాండములు చెట్ల కొమ్మల నానుకొని పైకి ప్రాకును. వెచ్చదనము, తేమ దీనికి ప్రాణము. హెర్న్‌డన్‌లో శీతకాలమున నీరు గడ్డకట్టును గనుక ఆరుబయట ఇది బ్రతుకదు. ఆ పందిరికి వేసవిలో సొరపాదు, బీరపాదు చాలునని మా సలహా.

అక్కడ చలికి నిలిచి విజృంభించునది ఫిల్లోస్టాకిస్ జాతి వెదురు. మన దీవిలోని గుబురు వెదురు ఉన్నచోటనే పొదయై బలియును. ఇది అట్లు కాదు. దీని భూగర్భకాండము నేలలో ఒక అడుగు లోతుననే పరుగెత్తి, కంచె దాటి, వసంతమున మొలచును. హెర్న్‌డన్ ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 2023 జనవరి 1 నుండి ఒక శాసనము అమలులో నున్నది. ఇట్టి వెదురు పొరుగు నేలలోనికి గాని ప్రజామార్గములోనికి గాని ప్రాకకుండ ఆపుట యజమాని బాధ్యత. పట్టణపు హద్దులలోని వారు తమ పురపాలక కార్యాలయమున నిబంధనలు విచారించుకొనవలెను.

ఇక ఉపాయము. వెదురు నుంచుకొనదలచినచో చుట్టును గట్టి ప్లాస్టిక్ రేకును 30 అంగుళముల లోతున పాతి, 2 అంగుళములు నేలపైకి విడువవలెను. ఏటేట శరత్కాలమున చుట్టి చూచి, రేకుపై నుండి దాటజూచు వేళ్లను నరుకవలెను. తీసివేయదలచినచో గడలన్నియు నరికి, మరల వచ్చు మొలకలను ఆకు విప్పకమునుపే కోయుచుండవలెను. వేరులోని నిలువ ఆహారము అట్లు తరిగిపోవును. ఇది ఒక యేటితో తీరు పని కాదు. కొన్నియేండ్లు విడువక చేయవలెను.

సంస్కృతమున వంశ శబ్దమునకు వెదురనియు, కులపరంపర యనియు రెండర్థములు గలవు. పెండ్లిండ్లలో వంశాభివృద్ధి కోరు మనకు వెదురు ఎదుగుట సంతోషమే. కాని చెరకుతోటల కాంపులలో ఒకే గోడ కిరువైపుల కాపురముండిన మన పెద్దలకు పొరుగువారి మంచియే కొండంత అండ. కావున ఆ సోదరి పార పట్టుటకు ముందు పొరుగింటి తలుపు తట్టి, “మీ పచ్చికలోని మొలకలను మేమే తీయుదుము” అని చెప్పవలెనని మా మనవి.