రాత్రి తిమ్మిరికి కీబోర్డు మందు కాదు



మెకానికల్ కీబోర్డుల మీద మీలో కొందరికి మక్కువ ఉన్నదని ఎరుగుదును. దానిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఈ వ్యాసాన్ని అటువంటి కీబోర్డు మీదనే వ్రాస్తున్నాను. మూడేళ్ళ క్రితం మా మనుమడు తెచ్చి ఇచ్చాడు. మీట దిగేటప్పుడు వ్రేలికి కలిగే స్పర్శ, ఆ మెత్తని టకటక నాకు ఎంతో ఇష్టం. డెబ్బయి దాటిన వయస్సులో ఇదేమి పిచ్చి అని మా ఆవిడ అంటుంది. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు.

నా తగవు వేరొకరితో. మణికట్టు నొప్పి పోతుందని చెప్పి వీటిని అమ్మేవారితోనూ, ఆ మాటనే వైద్యసలహాగా తోటివారికి పంచేవారితోనూ. వినోదవస్తువును వినోదవస్తువుగా అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. దానికి మందుచీటీ అంటించినప్పుడు వైద్యుడు మౌనంగా ఉండరాదు.

వారి వాదం ఇది. సాధారణ కీబోర్డులో మీటల క్రింద రబ్బరు గుబ్బలుంటాయి. గుబ్బ అణగితేనే అక్షరం పడుతుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ స్ప్రింగుతో కూడిన విడి స్విచ్ ఉంటుంది. చెర్రీ సంస్థవారి ఎర్ర స్విచ్‌నే తీసుకుంటే, మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల వద్దనే అక్షరం నమోదవుతుంది. కావలసిన బలం సుమారు 45 గ్రాముల బరువంత. కనుక వ్రేళ్ళకు శ్రమ తక్కువట. కాగితం మీద నిజమే. కాని మనలో ఎందరు సగంలో ఆపుతారు? అడుగు తగిలేదాకా బాదుతాము. చప్పుడు ముచ్చటగా ఉంటే ఇంకాస్త గట్టిగా బాదుతాము.

అసలు చిక్కు ఎత్తులో ఉన్నది. ఈ కీబోర్డులు మందంగా ఉంటాయి. వెనుక వైపు కాళ్ళు కూడా ఎత్తి పెట్టుకుంటే మణికట్టు పైకి విరిగినట్లు వంగుతుంది. మణికట్టులోని ఇరుకు సొరంగం గుండా స్నాయువులతో పాటు మీడియన్ నరం వెళుతుంది. మణికట్టు వంగినకొద్దీ అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. అంటే మందు అని కొన్నది, సరిగా అమర్చుకోకపోతే, ఉన్న బాధను పెంచవచ్చు.

నాకు తెలిసిన ఒక యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రాత్రిళ్ళు చేయి తిమ్మిరెక్కి లేచి విదిలించుకునేవాడు. స్నేహితుల మాట విని ఒక కీబోర్డు, తరువాత మరొకటి, ఆపైన రెండు ముక్కలుగా విడివడేది కొన్నాడు. స్విచ్‌లు మార్చాడు, కందెన పూశాడు. అలా ఏడాదిన్నర గడిచింది. నా వద్దకు వచ్చేసరికి బొటనవ్రేలి మొదటి కండ చిక్కిపోయి ఉన్నది. రక్తపరీక్షలో మధుమేహం బయటపడింది. అప్పటివరకు ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు.

బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగం తిమ్మిరెక్కడం, రాత్రి ఎక్కువ కావడం, చేతిలోని వస్తువులు జారిపోవడం కార్పల్ టన్నెల్ వ్యాధి లక్షణాలు. మధుమేహం, థైరాయిడు లోపం, స్థూలకాయం, కీళ్ళవాతం, గర్భం, వీటిలో ఏదైనా దాని వెనుక ఉండవచ్చు. రోజంతా కీబోర్డు ముట్టని గృహిణులకూ వస్తుంది. తొలిదశలో రాత్రివేళ మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. దాని ఖరీదు మంచి కీబోర్డు ధరలో చిన్న భాగం. కండ చిక్కిన తరువాత శస్త్రచికిత్స చేసినా పోయిన బలమంతా తిరిగి రాకపోవచ్చు.

మరి సుఖం మాటేమిటి? టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు చదివినవారిని అడగండి. ఆ యంత్రాల మీటలు నేటి ఏ స్విచ్‌కన్నా బరువు. అయినా మోచేతులు మీటల ఎత్తున ఉంచుమనేవారు, మణికట్టును బల్లకు ఆననిచ్చేవారు కాదు. మీరూ కీబోర్డు వెనుక కాళ్ళు మడిచివేయండి. భోజనాల బల్ల ఎత్తనిపిస్తే కుర్చీ పెంచి పాదాల క్రింద పీట వేసుకోండి. అరచేతి దిండు ఉన్నది విరామంలో ఆనించుకోవడానికే గాని టైపు చేస్తూ నొక్కి ఉంచడానికి కాదు. విడివడే కీబోర్డు వలన చేతులు పక్కకు మెలితిరగడం తగ్గుతుంది. ఆ మేరకు దానిని మెచ్చుకుంటాను. ఇక రంగురంగుల మీటలు, టిక్కుమనే నీలం స్విచ్‌లు మీ ఇష్టం. పక్కగదిలో నిద్రించేవారి ఇష్టం కూడా కనుక్కోండి.

నా బొటనవ్రేలి కీళ్ళనొప్పి మా మనుమడి బహుమతితో రవ్వంతయినా తగ్గలేదు. తగ్గుతుందని వాడూ చెప్పలేదు.

ఆ యువకునికి శస్త్రచికిత్స జరిగింది. రాత్రి తిమ్మిరి పోయింది, చక్కెర అదుపులో ఉన్నది. సీసా మూత తిప్పడానికి మాత్రం ఇప్పటికీ ఎడమ చేయే వాడుతున్నాడు. కీబోర్డుల సరదా మానలేదు, నేను మానమననూ లేదు. మొన్న మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చు వేయించి తెచ్చి చూపించాడు. ఎక్కడ చేయించాడో కనుక్కున్నాను.