నా గుండెకు ఎవరి లెక్క?

మావారు నా సైకిలుకి జీపీఎస్ మీటరు బిగించి, "అన్నీ సెట్ చేసేశాను, నువ్వేం ముట్టుకోకు" అన్నారు. ఒళ్ళు మండింది. ఇన్ని నవలలు రాసినదాన్ని, నాలుగు మీటలు నొక్కలేనుటండీ?

తెరిచి చూద్దును కదా, నా గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 175 అని ఉంది! 220లోంచి నా నలభై అయిదేళ్ళూ తీసేశారన్నమాట. ఆ సూత్రం 1970ల ఆరంభం నాటిది. చికాగో ప్రాంతంలో అయిదు వేల పైచిలుకు స్త్రీలను పరీక్షించి, డాక్టర్ మార్తా గులాటీ బృందం 2010లో ఆడవాళ్ళకు వేరే లెక్క తేల్చింది. వయసును 0.88తో హెచ్చవేసి, 206లోంచి తీసెయ్యాలి. నాకు 166 వస్తుంది. ఈ సంగతి తెలియక, ఎత్తు ఎక్కుతూ ఎంత రొప్పినా మీటరు మార్కులు తక్కువేస్తుంటే, నేనే చేతకానిదాన్ననుకున్నాను నెల్లాళ్ళు!

"అదీ సగటు లెక్కేగా" అంటారు మావారు. అవును, సగటే. ఆ సగటు ఆడవాళ్ళదైతే మీటరుకేం నష్టం?

ఇక ఆటో పాజ్ అని ఇంకో విడ్డూరం. కూరల బండి దగ్గర ఆగితే గడియారమూ ఆగిపోతుంది. నిలబడ్డ కాలం కాలం కాదు కాబోలు! అదీ తీసేశాను.

మొన్న ఆయన మీటరూ చూశాను. అందులో ఇంకా పెళ్ళినాటి బరువే ఉంది.