జాబ్ రాకముందే జబ్బు ఎందుకొస్తుంది?

ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. జాయినింగ్ డేట్ మాత్రం లేదు. బీటెక్ అయ్యాక దాదాపు ఎనిమిది నెలలు నా పరిస్థితి ఇదే. పొద్దున లేవగానే మెయిల్ చూడటం, ఏమీ లేకపోతే స్పామ్ ఫోల్డర్ కూడా తిరగేయడం. మూడో నెలకల్లా కడుపులో మంట మొదలైంది. డాక్టర్ ఎండోస్కోపీ చేయించి ‘పెద్దగా ఏమీ లేదు’ అన్నారు. మాత్ర వేసుకుంటే తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది. జాయినింగ్ మెయిల్ వచ్చిన రెండు వారాలకు ఆ మాత్రల సంగతే మర్చిపోయాను.

అప్పట్లో ‘అంతా టెన్షన్’ అని నవ్వుకున్నాను. కానీ మా విశాఖలో ఇలా ఎదురుచూడటం ఒకరిద్దరి కథ కాదు. 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ రెండు తేదీల మధ్య నాలుగేళ్లు. అమ్మేస్తారట, ఆపేశారట, మళ్లీ అమ్మేస్తారట. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడుస్తూనే ఉంది, గాజువాకలో అద్దెలు, స్కూల్ ఫీజులు కట్టాల్సినవాళ్లు కడుతూనే ఉన్నారు. ప్లాంట్ ఉత్పత్తిని టన్నుల్లో, నష్టాన్ని కోట్లలో లెక్క రాశాం. ఆ నాలుగేళ్లలో నిద్రపట్టని రాత్రుల లెక్క ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనిపించదు.

అలాంటి లెక్క తీసినవాళ్లు లండన్‌లో ఉన్నారు. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యంపై 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం పది వేల మందికి పైగా ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. ఈలోగా వాటిలో ఒక శాఖను ప్రైవేటుకు అప్పగించాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. దాంతో పరిశోధకులకు అనుకోకుండా ఒక పోలిక దొరికింది. 1995లో జేన్ ఫెర్రీ బృందం ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ఉద్యోగాలు ఇంకా పోకముందే, జీతాలు పడుతున్నప్పుడే, ఆ శాఖవాళ్లు చెప్పిన ఆరోగ్య స్థితి మిగతా శాఖలవాళ్లతో పోలిస్తే దిగజారడం మొదలైంది. అంటే దెబ్బ తగిలాక కాదు, ఎప్పుడు తగులుతుందో తెలియక కాచుకుని ఉన్నప్పుడే!

ఇదెలా జరుగుతుంది? ప్రమాదం ఎదురైతే మెదడు అడ్రినల్ గ్రంథులకు కబురు పెడుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి, అరుగుదల నెమ్మదిస్తుంది. వీధి కుక్క తరిమినప్పుడు ఇదే మనల్ని కాపాడుతుంది. కుక్క పది నిమిషాల్లో పోతుంది. రిజల్ట్ కోసం ఎదురుచూపు పోదు కదా. మూత వేసిన ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రామ్ నడుస్తూ బ్యాటరీ తినేసినట్టు, ఒళ్లు అలా నడుస్తూనే ఉంటుంది. ముందు నిద్ర చెడుతుంది, తర్వాత కడుపు, తలనొప్పి, కొందరికి బీపీ. జబ్బును శరీరం ఒక్కదానితోనే కాకుండా మనసు, చుట్టూ ఉన్న సమాజంతో కలిపి చూడాలని అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లోనే రాశారు. మన దగ్గర ఇప్పటికీ ‘రిపోర్ట్ నార్మల్, నీకేం లేదు పో’ అనే మాటే ఎక్కువ.

ఇక మన కానిస్టేబుల్ నోటిఫికేషన్ చూడండి. 2022 నవంబరులో 6,100 పోస్టులకు ప్రకటన. 2023 జనవరిలో ప్రిలిమ్స్. దేహదారుఢ్య పరీక్షలు ఎప్పుడు? 2024 డిసెంబరు చివర్లో. తుది పరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. ప్రిలిమ్స్ పాసైన అభ్యర్థి రేపే పిలుస్తారేమో అన్నట్టు దాదాపు రెండేళ్లు పరుగు ప్రాక్టీస్ మానకూడదు, తిండి తగ్గకూడదు, గాయం కాకూడదు. తండ్రి జీతంతో ఇంట్లో ఉండి ఎదురుచూసేవాడికీ, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి హాస్టల్ ఫీజు కట్టుకుంటూ రాత్రిళ్లు డెలివరీ పని చేసేవాడికీ ఇది ఒకే నిరీక్షణ కాదు. ఆరోగ్యంలో ‘సామాజిక’ కారణం అంటే ఇదే. దీన్ని వదిలేసి ‘పాజిటివ్‌గా ఆలోచించు తమ్ముడూ’ అనే మోటివేషన్ స్పీచ్‌లంటే నాకు చిరాకు.

నా దృష్టిలో పరీక్ష తేదీల క్యాలెండర్ కూడా ఆరోగ్య విషయమే. వాయిదా వేయక తప్పకపోతే కొత్త తేదీ అదే రోజు చెప్పొచ్చు. కంపెనీలు జాయినింగ్ ఎప్పుడో చెప్పలేకపోతే ఆ మాటైనా రాయొచ్చు. మౌనం కంటే అది మేలు.

అంతవరకూ మన చేతిలో ఉన్నది కొంచెమే. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియంటాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. పరిశోధకులు వెళ్లి చూస్తే జనానికి బోలెడు ఖాళీ సమయం ఉన్నా లైబ్రరీ నుంచి తీసుకెళ్లే పుస్తకాలు తగ్గాయి, రోడ్డు మీద నడకే నెమ్మదించింది. పని ఇచ్చేది జీతం ఒక్కటే కాదు, రోజుకొక ఆకారం కూడా ఇస్తుంది. నా ఎనిమిది నెలల్లో కాస్త బాగున్నవి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లిన రోజులే. చదివింది తక్కువ. కానీ తొమ్మిదింటికల్లా స్నానం చేసి బస్సెక్కేవాణ్ని, పక్క కుర్చీలో కూర్చునే అన్నతో టీ తాగేవాణ్ని.

అలాగని ప్రతి నొప్పినీ టెన్షన్ ఖాతాలో వేయకండి. ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, రక్తం పడటం లాంటివి ఉంటే ముందు డాక్టర్. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకడమే దండగ అనిపించినా టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ ఉచిత సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో అని మా బ్యాచ్‌లో ఒకడు ఆరు నెలలు ఆగాడు. తీరా వెళ్తే ఓపీ లైన్‌లో వాడి ముందు నిలబడి ఉన్నది మా కాలేజీ సీనియరే.